డాక్టర్ చెప్పిన రెండో మాట

శుక్రవారం, సులై లేబర్ క్యాంపు

డాక్టర్ మాట విని సిగరెట్ మాని వేప్, అదే ఈ-సిగరెట్, పట్టి ఇవాల్టికి రెండు నెలలు! దగ్గకుండా మెట్లెక్కాను, ఎంత సంతోషమో! ఆ సంబరంలోనే ఊళ్లో కాలేజీ చదివే చిన్నోడికి వీడియో కాల్ చేశాను. వాడి చేతిలోనూ వేప్!

“ఇదేందిరా? నువ్వు సిగరెటే ముట్టలేదు గదరా!”

“నువ్వే గదా బాపూ, సిగరెట్ కన్న నయమన్నవ్.”

నిజమే, డాక్టర్ చెప్పిన ఆ మొదటి మాట వాడికి చెప్పాను. పొగ అలవాటు లేనివాళ్లు దీన్ని ముట్టనే కూడదని డాక్టర్ చెప్పిన రెండో మాట మాత్రం చెప్పలేదు. ఇవాళ చెప్తే నవ్వాడు.

“ముందు నువ్వు ఇడిసిపెట్టు, నేను ఇడిసిపెడ్త.”

ఈ దేశం వాళ్లకు ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాకత్ లెక్కలో మా కంపెనీ రెడ్‌లో పడింది, నా నివాస పర్మిట్ ఇకామా రెన్యువల్ కాలేదు, ఊరికి పోయే దారి లేదు. వెళ్లి వాడి చేతిలోంచి లాక్కోలేను. నా వేప్‌ని పెట్టెలో పెట్టి తాళం వేశాను. గంట తిరక్కుండానే కళ్లు పక్క మంచం మీది సిగరెట్ ప్యాకెట్ వైపు పోయాయి. దానికన్నా ఇదే నయమని తాళం తీసి మళ్లీ వేప్ పట్టాను. రేపు వాడికి ఏ మొహంతో ఫోన్ చేయను దేవుడా...