నేనే అంటే చాలదు

మార్చి 3, సోమవారం

ఆసుపత్రిలో మెషీన్ గది ఊడ్చేది నేను. ఆ గదిలో సర్వర్ చూసుకునేది నా కూతురు. ఈ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు. పదకొండేళ్లుగా నేను ఊడుస్తున్న చోటే రెండేళ్ల కిందట దానికి ఉద్యోగం వచ్చింది. చేరిన రోజే చెప్పింది, అక్కడ నన్ను పలకరించకమ్మా, నలుగురిలో బాగుండదు అని. సరేనన్నాను. అది నన్ను ఆయమ్మా అంటుంది. నేను దాన్ని మేడం అంటాను. ఎక్కడ నోరు జారి తల్లీ అనేస్తానో అని రోజూ గుండె దడే.

మార్చి 4

పొద్దున్నే ఇంట్లో అమ్మాయి మొహం మాడ్చుకుని కూర్చుంది. ఏమైందే అంటే విసుక్కుంటూనే చెప్పింది. రోగుల స్కాన్‌లన్నీ స్టోరేజీ పెట్టెలో ఉంటాయట. సర్వర్‌లో ఒక కార్డు ఉంటుందట, అది వెళ్లి ఆ పెట్టె తలుపు కొడుతుందట. ఇన్నాళ్లూ ఎవరు కొట్టినా, నేనే అంటే చాలు, తీసేసేదట. ఆడిట్‌వాళ్లు ఇక కుదరదన్నారు. అథెంటికేషన్ పెట్టాలి. పెట్టె ఎవరని అడగాలి, కార్డుకి ఒక రహస్యం మాట తెలిసి ఉండాలి. అటూ ఇటూ ఒకటే మాట.

అయితే ఇన్నాళ్లూ దొంగ కొట్టినా తీసేదా అన్నాను. నీకు లోకమంతా దొంగలే అంది.

లేచి వెళ్తూ, నాన్న పోయిన తేదీ ఎంతమ్మా అని అడిగింది. ఒక్కగానొక్క కూతురు. దానికి గుర్తులేదు. చెప్పాను. ఎందుకని అడగలేదు.

మార్చి 6

పెట్టె కంపెనీ నుంచి ఒకతను వచ్చాడు. లోపలికొచ్చినా టోపీ తియ్యలేదు. అమ్మాయి కాగితం మీద రాసిచ్చిన మాట చూసి పెట్టెలో టైపు కొట్టేసి వెళ్లిపోయాడు. సర్వర్ వైపు నేను రేపు పెడతానంది అమ్మాయి. కాగితాన్ని టేపుతో రాక్‌కి అంటించి వెళ్లింది.

తుడుస్తూ కూడబలుక్కుని చదివాను. అక్షరాలు ఇంగ్లీషువే గానీ మాట మా ఇంటిదే. బుజ్జిపిట్ట. చిన్నప్పుడు నేను దాన్ని పిలిచిన పేరు. వెనకాల ఆయన పోయిన తేదీ.

నన్ను అమ్మా అనడానికి సిగ్గు. ఇంటి గుట్టు మాత్రం ఇనుప రాక్‌కి అంటించింది. ఎవడైనా చూస్తే? పీకి జాకెట్‌లో దోపుకున్నాను.

ఇంటికొచ్చాక ఇద్దామనుకున్నాను. అక్కడివి ముట్టుకోవద్దన్నానా అని మీద పడుతుంది. ఇచ్చే ధైర్యం చాలలేదు. ఈ పుస్తకంలోనే పెట్టాను.

మార్చి 7

కాగితం ఏసీ గాలికి ఎగిరిపోయినట్టుంది, గుర్తున్నదే కదా, కొట్టేశాను అని ఫోన్‌లో ఎవరితోనో అంటోంది. అంతా నడుస్తోందట. మరి నాకెందుకీ గుబులు? తేదీ సరిగ్గానే కొట్టావా అని నోటిదాకా వచ్చింది. అడిగితే నీకెలా తెలుసంటుంది.

మార్చి 8

అన్నం సహించడం లేదు.

మార్చి 10, సోమవారం, పదకొండు గంటలు

నిన్న సర్వర్ ఆపి మళ్లీ పెట్టారట. పొద్దుటి నుంచి ఒక్క స్కాన్ తెరుచుకోవడం లేదు. పాత కనెక్షన్ తెగేదాకా తప్పు బయటపడదట. తెగాక పెట్టె ఎవరని అడిగింది. సర్వర్ దగ్గరున్న మాట సరిపోలేదు. పెట్టెలో చూద్దామంటే ఆ మాట చుక్కలుగానే కనపడుతుందట. టోపీవాడు విమానంలో ఉన్నాడు, ఫోన్ కలవదు. ఆపరేషన్‌కి తీసుకెళ్లిన ముసలాయన్ని మళ్లీ వార్డుకి తోసుకొచ్చారు. ఒంటిగంటలోపు తెరవకపోతే ఇంటికెళ్లిపో, మళ్లీ రానక్కర్లేదు అని మేనేజరు దాని మీద అరిచాడు. కారిడార్‌లో అందరూ విన్నారు.

కాగితం కోసం ఇంటికి పరిగెత్తుకొచ్చాను. వచ్చి ఇది రాస్తూ కూర్చున్నానేమిటి, నా బుద్ధి కాలా.

అదే రోజు, నాలుగు గంటలు

ఇచ్చాను. రెండు నిమిషాల్లో తెరుచుకుంది. నెల తప్పు కొట్టిందట.

మేనేజరు నా వైపు తిరిగాడు. ఇది నీ దగ్గరికెలా వచ్చింది, ఎవరికి అమ్ముదామనుకున్నావ్ అన్నాడు. నేను అమ్మాయి మొహం చూశాను. మా అమ్మండీ, అంటే చాలు. అది స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా, నాకేం తెలుసు సార్, ఊడ్చే ఆవిడ, కాగితాలు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో అంది.

మేనేజరు కాగితం పైకెత్తి, బుజ్జిపిట్ట అట, ఎవరండీ ఈ బుజ్జిపిట్ట అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

అదీ నవ్వింది.

గేటు దగ్గర నా బ్యాడ్జీ తీసేసుకున్నారు. చీపురు నా సొంతం. తెచ్చుకున్నాను.

అదే రోజు, ఆరున్నర

తలుపు చప్పుడైంది. ఎవరు అన్నాను.

నేనే అంది.

నేనే అంటే ఎవరు అన్నాను.

తలుపుకి వీపు ఆనించి రాస్తున్నాను. అవతల ఊపిరి వినపడుతోంది.