మామిడికి కొట్టే మందు

రోజ్‌లిన్,

ఈరోజు మధ్యాహ్నం కోర్టు డేవిడ్‌ను నిర్దోషి అని తీర్పు చెప్పింది. నువ్వు పోయి నేటికి ఏడాది.

డేవిడ్ శ్రీనివాసపురంలో మామిడితోట గుత్తకు తీసుకున్నాడు కదా. ఎవరికోసమో వెతుకుతూ పోలీసులు ఫోన్లు వింటున్న రోజుల్లో, కూలీకి ఫోన్ చేసి "రేపు మందు కొడతాం, ఎవురినీ ఆ పక్కకి రానీయద్దు" అన్నాడు. ఇక్కడి బంగారు గనులు మూతపడకముందు డేవిడ్ వాళ్ల నాయన లోపల మందు పెట్టి రాళ్లు పేల్చేవాడు. పోలీసులకు అది చాలింది. పురుగుమందు కాస్తా పేలుడు మందైంది. ఉగ్రవాద నిరోధక చట్టం కింద కేసు, బెయిలు లేని జైలు.

ఇలాంటి కేసుల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసినదానివి, సెక్షన్ల కంటే ముందు మాటలు వినమనేదానివి. ఎండలో తోటలన్నీ తిరిగి, ఇక్కడివాళ్లు మందు అని దేన్ని అంటారో రికార్డు చేశావు. డేవిడ్ లాయరు దాన్నే ఆధారం చేసుకున్నాడు.

డేవిడ్ వాళ్లమ్మ మరియమ్మను బోనులో ప్రభుత్వ లాయరు అడిగాడు, మీ ఇంట్లో మందంటే ఏమిటని.

"మా ఆయన ఉన్నప్పుడు గనిలో పేల్చేది. ఇప్పుడు నా దగ్గుకి తాగేది. ఇంగ అంగట్లో సీసాల్లో ఉండేదీ మందేనప్పా. దానికైతే ఊర్లో మొగోళ్లందరినీ పట్టుకోవాల."

జడ్జి తల దించుకుని నవ్వాడు.

రేపు పొద్దున డేవిడ్‌ను వదులుతారు. మరియమ్మతో నేనూ జైలుకు వెళ్తున్నాను. అక్కడినుంచి ఇంటికి కాదట, కొడుకును ముందు నీ సమాధి దగ్గరికి తీసుకురావాలంటోంది.