దవాఖాన లైనులో మూడో ఆమె

నాంపల్లి, హైదరాబాద్
8 ఫిబ్రవరి 1999, సోమవారం

ప్రియమైన బిడ్డ జిప్పోరాకు,

మీ నాన్న ప్రభువు నామంలో దీవించి రాయునది. నువ్వు, డెన్నిస్, చిన్నది జెర్లిన్ అక్కడ నాగ్‌పూర్‌లో చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఇక్కడ నేను క్షేమం. ఒంటి వరకైతే ఆ మాట నిజమే.

నీ ఉత్తరం గురువారం అందింది. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. కంటి పొర ఇంకా ముదరలేదట, ఎండలు తగ్గాక ఆపరేషన్ చేస్తానన్నాడు డాక్టరు. స్టూడియో పని మానేయమని రాశావు. ఆబిడ్స్‌లో ఆ మెట్లు రోజుకోసారి ఎక్కకపోతే నాకు తిన్నది అరగదు. ఫోటో ప్రదర్శన ఆహ్వానం కార్డు మీద నా పేరు వేస్తారా అని అడిగావు. వేశారు, కింద చిన్న అక్షరాల్లో, నా కంటికి కనబడనంత చిన్నగా.

జెర్లిన్ చెంపలు అచ్చం అమ్మమ్మవే అంటున్నారని, అమ్మ ఫోటో పెద్దది చేసి ఉంచమని, శుక్రవారం వచ్చి తీసుకుంటానని కూడా రాశావు. ఆ ఒక్క ముక్క చదివిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఈ ఉత్తరం దానికి జవాబు. మా ఓనరు సామ్ సుందర్ మొన్న శనివారమే నీకు ఆ కార్డు పోస్టు చేశాడు. అది ముందే చేరి ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేదు. చేరకపోతే, ఇది పూర్తిగా చదివాకే ఆ కవరు విప్పు. ఇది స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

ఫోను చేయొచ్చు కదా అంటావు. స్టేషన్ ఎదుటి ఎస్టీడీ బూత్‌కి నిన్న రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి నువ్వే ఎత్తి హలో అన్నావు. మాట్లాడకుండా పెట్టేసింది నేనే.

ప్రదర్శన సంగతి నీకు కొంత తెలుసు. మెదక్ మిషన్‌లో ఉండిన ఒక దొర డాక్టరు అరవై ఏళ్ళ కింద తీసిన ఫోటోల గాజు నెగటివ్‌లు మా స్టూడియో అటక మీద ఒక పెట్టెలో ఉండేవి. ఎవరో ప్రింట్లకని తెచ్చి ఇచ్చి, తిరిగి తీసుకోలేదు. కిందటేడు సున్నాలు వేయిస్తుంటే సామ్ సుందర్‌కు ఆ పెట్టె దొరికింది. ఎనభై నాలుగు పలకలు. మెదక్ అంగడి, మంజీర దాటుతున్న ఎడ్లబండ్లు, మగ్గం గుంటలో కూర్చున్న సాలెవాళ్ళు, బోర్డింగు ఆడపిల్లలు రాగి చెంబులతో. పండగ వచ్చినట్టు ఎగిరాడు అతను.  అవి అక్కడ ఉన్నాయని నాకు ఎప్పటినుంచో తెలుసు బిడ్డా. అందులో నలభై ఒకటో పలకను నేను ఒకసారి వాడుకున్నాను.

మీ అమ్మ ఆగ్నెస్ ఫోటో అసలు ఎందుకు లేదో ముందు చెప్పాలి. పెళ్ళిరోజు నా స్నేహితుడు ఒక రీలు నిండా తీశాడు. కొత్త పెళ్ళికొడుకుని, ఇంకొకరి చేతికి ఇవ్వను, నేనే కడుగుతానన్నాను. చీకటి గదిలో తొందరపడి రీలును బొమ్మ తేల్చే డెవలపర్‌లో కాక, చివర్లో వాడే హైపో మందులో ముందు ముంచాను. పని నేర్చుకునేవాడు కూడా చేయని తప్పు. బొమ్మలు రావాల్సిన రీలు మంచినీళ్ళలా తేటగా బయటికి వచ్చింది. మీ అమ్మ కోప్పడి, తర్వాత నవ్వి, తీరిగ్గా ఇంకోటి తీయమంది. ఊళ్ళోవాళ్ళందరికీ ఫోటోలు తీసినవాణ్ణి, ఇంట్లో మనిషిని రేపు తీద్దాం అనుకుంటూ మూడేళ్ళు గడిపాను. నీకు రెండేళ్ళప్పుడు కామెర్లతో వారం రోజుల్లో పోయింది.

నీకు ఏడో ఏడు. బడినుంచి ఏడుస్తూ వచ్చి, అమ్మ ముఖం చూపించమన్నావు. రేపు తెస్తానన్నాను. మర్నాడు అటకెక్కి ఆ పెట్టె దించాను. నలభై ఒకటో పలకలో మెదక్ దవాఖాన ముందు ఆడవాళ్ళ లైను ఉంది. మూడో ఆమెకు పాతికేళ్ళుంటాయి. చెంప ఎముకల దగ్గర మీ అమ్మ పోలిక కొద్దిగా ఉందనిపించింది. ఆమె ముఖం వరకు పెద్దది చేసి, నుదుటి పచ్చబొట్టు పూడ్చాను, జాకెట్టు గీశాను, మెడలో సన్న గొలుసు వేశాను. ఆమె చంకలో ఒక చంటివాడు ఉన్నాడు. వాడి చెయ్యి ఆమె మెడ మీద ఉంది. ఆ చెయ్యి మీద చీర కొంగు వేశాను. ఎనిమిది రోజులు పట్టింది. సిగ్గులేకుండా చెప్తున్నాను, నా జన్మలో అంత మంచి పని మళ్ళీ చేయలేదు. నువ్వు ఆ ఫోటోకు ముద్దు పెట్టి పడుకున్నావు. తర్వాత నిజం చెప్పే దారి నాకు దొరకలేదు. నీ పెళ్ళిలో ఆ పటాన్ని కుర్చీలో పెట్టి పక్కన నిలబడ్డావు. నేనే ఫోటో తీశాను.

పోయిన నెల సామ్ సుందర్ ప్రింట్లు మెదక్ తీసుకెళ్ళి పెద్దమనుషులకు చూపించాడు, అది ఏ చోటో, ఎవరెవరో చెప్తారని. ఆ లైను చూసి బీరయ్య అనే రైతు, మూడో ఆమె మా అమ్మ యాదవ్వ, చంకలో ఉన్నది నేనే అన్నాడట. ఎనభై నాలుగింటిలో పేరు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. అందుకని ఆమెనే కార్డు మీద వేశారు. హాలు గుమ్మంలో ఆమెదే నిలువెత్తు పటం పెట్టబోతున్నారు. ఈ శనివారం ప్రదర్శన మొదలై నువ్వు లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా అదే ఉంటుంది.

నిన్న ఆరాధనకు పోలేదు. తాళం తీసుకుని స్టూడియోకు వెళ్ళి ఆ పలకను వెలుతురు బల్ల మీద పెట్టాను, ఆ పెద్ద పటం ప్రింటు ఇంకా తీయలేదు గనక. పలక మీద ఆమె ముఖం చిటికెన వేలి గోరంత. బ్లేడుతో రెండు గీతలు గీస్తే చాలు, పాతబడి పొర లేచిందని చెప్పొచ్చు. కార్డులో బొమ్మ చిన్నది, మసక, ఎలాగో సర్దుకోవచ్చనుకున్నాను. బ్లేడు ఆనించాను కూడా. అప్పుడు తలుపు చప్పుడైంది.

బీరయ్య. అరవై దాటిన మనిషి, మొదటి బస్సుకు వచ్చాడు. ఆదివారం మూసి ఉంటుందని సామ్ సుందర్ చెప్పలేదట. వాళ్ళమ్మ పోయి పన్నెండేళ్ళయిందని, ఇంట్లో ఒక్క ఫోటో లేదని, ఒక కాపీ కావాలని అడుగుతూ అడుగుతూ ఆగిపోయాడు. నా బల్ల పైన గోడకు మన ఇంట్లో ఉన్న ఆ ఫోటోకే ఇంకో కాపీ ఉంది కదా, దాని కిందికి వెళ్ళి నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు.

"గీమె మా అవ్వ. జరమొస్తే నన్నెత్తుకొని మా ఊర్ల నుంచి దవాఖానకు నడిసొచ్చిందట. సారూ, గీ ఫోటోల నేనేడ పోయిన?"

 కూర్చోబెట్టి అంతా చెప్పాను, ఇప్పుడు నీకు చెప్పినట్టే, బ్లేడుతో సహా. అతను తిడితే బాగుండేది. తల వంచుకుని విన్నాడు.

"మీ బిడ్డకు ఎరుకనా?"

లేదన్నాను.

"అయితే ముందుగాల చెప్పున్రి. శనివారం నేనొస్త. మా అవ్వ అని నేనేడుస్తుంటే, మా అమ్మ అని ఆమె ఏడుస్తుంటే, సూసెటోళ్ళకు తమాష అయితది. ఆ పిల్లను గట్ల నిలబెట్టకున్రి."

పలక మీద గీత పడలేదు. అతని కళ్ళముందే మొత్తం బొమ్మ ప్రింటు తీసి ఇచ్చాను. ఆరనివ్వకుండానే పట్టుకున్నాడు. అతను ముందు నీకు చెప్పమన్నాడనే ఈ ఉత్తరం.

ఇంకొకటి ఉంది. దీన్ని రాయకుండా ముగించాలని పొద్దున్నుంచి చూస్తున్నాను. నిన్న బీరయ్య వెళ్ళాక కళ్ళు మూసుకుని మీ అమ్మను తలచుకున్నాను. యాదవ్వ వచ్చింది. గొలుసుతో, నేను గీసిన జాకెట్టుతో. ఎన్నిసార్లు మూసినా ఆమే. ఆగ్నెస్ గొంతు గుర్తుంది, చేతులు గుర్తున్నాయి, ముఖం రావడం లేదు. ఇరవై నాలుగేళ్ళు గోడ మీద చూసీ చూసీ నా భార్యను నేనే పోగొట్టుకున్నాను జిప్పోరా. నీకు చేసిన మోసం నాకూ తగిలింది.

మీ అమ్మను చూసినవాళ్ళలో మన వాడలో మిగిలింది పక్కింటి వసుమతి టీచర్ ఒక్కరే. ఆ ఫోటో ఆగ్నెస్‌లా లేదని ఆవిడ మొదటే అన్నారు. పిల్ల ముందు అనొద్దని బతిమాలాను. ఈ పొద్దున వెళ్ళి, ఆగ్నెస్ ఎట్లా ఉండేదో చెప్పమని అడిగాను. "జిప్పోరాకు కోపమొస్తే సూడున్రి, అచ్చం ఆగ్నెసే. పెదవి బిగించి, కండ్లు తిప్పకుండ సూస్తది" అన్నారు. నీకు నామీద ఎప్పుడూ కోపం రాలేదు, అందుకే నాకు తెలియలేదు.

ఫోటో ఏం చేయాలో నువ్వే చెప్పు, దాన్ని నేను ముట్టను. శుక్రవారం బండి మాత్రం మానుకోకు. నాంపల్లి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటాను. నన్ను క్షమించానని చెప్పడానికి తొందరపడొద్దు. దిగి, నామీద ఉన్న కోపమంతా ముఖంలో పెట్టుకుని, తల తిప్పుకోకుండా నావైపు చూడు. మీ అమ్మను ఒక్కసారి చూసుకుంటాను.

ఇట్లు,
నీ నాన్న
ఆనంద్ పాల్