మీ అక్క పొయ్యిలో పొగ

చిరంజీవి మాతేయోకు, కోడలు ఇసబెల్‌కు, ఇంకా నా చేతికందని మనవడికి, మరియమ్మ తల్లి మీ ముగ్గురినీ తన పైట చాటున దాచుకోవాలని వేడుకుంటూ అమ్మ రాస్తున్నది. దేవుడి దయవల్ల నేనిక్కడ తిరుగుతూనే ఉన్నాను. ఆ వెండి గనుల చలిలో మీరు కూడా ఆరోగ్యంగా ఉన్నారనే నమ్ముతున్నాను.

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకు. ఎప్పుడూ నా ఉత్తరాలు చర్చి లేఖకుడు రాసిపెట్టేవాడు. ఈసారి నేనే రాస్తున్నాను. చిన్నప్పుడు పాదిరుల దగ్గర నేర్చుకున్నదీ, మీ నాన్న బతికుండగా దిద్దించినదీ కలిపితే ఈమాత్రం వచ్చింది. లేఖకుడి చేత ఎందుకు రాయించలేదో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగిన వాటికి జవాబు చెప్తాను. పాత ఊరి నుంచి తెచ్చిన కిత్తనార పిలకలు నాటాను. సగం బతికాయి. నా మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, రొట్టెలకు పిండి రుబ్బేటప్పుడు మాత్రం తెలుస్తుంది. కొత్త ఊరు ఎలా ఉందని అడిగావు. తాడు పట్టి గీసినట్టు వీధులు, ఎదురెదురుగా గుమ్మాలు. మన పాత ఊళ్ళో ఎవరి చేను పక్కన వాళ్ళ ఇల్లుండేది. ఇక్కడ ఒకరింట్లో రొట్టె మాడితే వీధి చివరిదాకా తెలుస్తుంది. చేలకు వెళ్ళాలంటే ఇంకా చీకటి ఉండగానే బయలుదేరాలి. కొండవాలు చేలల్లో ఇప్పుడు ఎవరో దొరగారి గొర్రెలు మేస్తున్నాయి.

బాబు బొడ్డు ఎండబెట్టి దాచామనీ, తాతముత్తాతల చేలో పాతిపెట్టడానికి ఎవరితో పంపమంటావనీ అడిగావు. పంపకు నాయనా. పాతడానికి చేను లేదు. ఈ మాట రాయడానికి చాలాసేపు పట్టింది.

ఇక మీ మామగారి సంగతి. ‘దొరకు మన ఊరిని అప్పగించిన మనిషి నా గడప తొక్కడానికి వీల్లేదు, నా కొడుకు ఆయన్ని తాతా అని పిలవడు’ అని రాశావు. ఎప్పుడూ ‘మా నాన్నకు దండాలు’ అని ఒక ముక్క రాయించే ఇసబెల్ ఈసారి ఏమీ రాయించలేదు. ఆ పిల్ల మౌనమే నా చేత ఇది రాయిస్తోంది.

గనులకు సరుకు తోలే కంచరగాడిదల వాళ్ళు నీకు సగమే చెప్పారు. జబ్బు వచ్చి జనం పోయాక, చిన్న ఊళ్ళన్నీ ఎత్తేసి ఒక్కచోట చేర్చమని రాజుగారి ఆజ్ఞ వచ్చింది కదా. ఏ ఊరు ఎంతుందో చూడడానికి ఒక దొర బయలుదేరాడు. పెద్ద ఊరైతే వదిలేస్తారట అని మనవాళ్ళలో ఎవరో అన్నారు. మన ఊళ్ళో మనుషులకంటే ఖాళీ ఇళ్ళే ఎక్కువ. అప్పుడు మీ మామగారికే, బల్తసార్ అన్నయ్యగారికే, ఒక ఆలోచన తట్టింది.

“దొర ఇంటింటికీ దిగి ముంతలు లెక్కపెడతాడా? గుర్రం మీంచి కప్పులు చూస్తాడు. కప్పులోంచి పొగొస్తే లోపల మనుషులున్నట్టే. పోయినవాళ్ళ పొయ్యిలు కూడా వెలిగిద్దాం” అన్నాడు.

“పోయినవాళ్ళు ఒప్పుకుంటారా?” అని ఊరిపెద్ద నవ్వాడు.

“వాళ్ళ ఊరు కాదూ ఇది? ఈ ఒక్క పూటకీ కాపలా కాయమందాం” అన్నాడు అన్నయ్యగారు.

దొర వచ్చేనాటి ఉదయం ఆ కుంటికాలుతోనే చట్టిలో నిప్పులు పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పచ్చి కొమ్మలు పేర్చి ఊదాడు. చూస్తుండగానే ఊరంతా గడ్డికప్పుల్లోంచి పొగ లేచింది. జబ్బుకు ముందు ఉదయాలు అలాగే ఉండేవి. ఆడవాళ్ళం రుబ్బురాళ్ళ దగ్గర నుంచి లేచి వచ్చి చూస్తూ నిలబడిపోయాం.

దొర చూశాడు, తల ఆడించాడు. దొర మాట మనకు చెప్పే దుబాసీ మాత్రం అన్నయ్యగారింటి ముందు ఆగి దాహమన్నాడు. అన్నయ్యగారు ఇంత కిత్తనార కల్లు పోసి ఏదో హాస్యమాడాడు. అది అందరూ చూశారు. సాయంత్రానికల్లా దొరకు నిజం తెలిసిపోయింది. వారం తిరక్కుండా మన కప్పులు లాగి నిప్పు పెట్టారు. కల్లు తాగించినవాడే చెప్పి ఉంటాడని ఊరు తీర్పు చెప్పింది.

అప్పటి నుంచి ఆయన వీధిలో వెళ్తుంటే నిప్పు రాజేస్తున్నట్టు జనం ‘ఉఫ్’మని ఊదుతారు. ఆదివారం పూజకు ముందు చర్చి ఆవరణలో పేర్లు పిలుస్తారు కదా, ఆయన పేరు రాగానే వెనక నుంచి ఎవరో ఊదుతారు, మిగతావాళ్ళు పెదవులు బిగించి నవ్వుతారు. ఇల్లు కట్టుకునేటప్పుడు ఒక్కరూ దూలం పట్టలేదు. సగం కప్పు కింద పడుకుంటున్నాడు. వానలు దగ్గరకొచ్చాయి. మొక్కజొన్న గింజలు కుండలో వేసే ముందు నిప్పుకు భయపడకుండా వాటి మీద మెల్లగా ఊపిరి వదులుతాం కదా, ఈమధ్య ఆ పని చేయబోయి ఆగిపోతున్నాను.

చెప్పింది ఆయన కాదు నాయనా. నేను.

ఆ రోజు కప్పులన్నీ చూశాక దొర చర్చి దగ్గర గుర్రం దిగి, ఈ ఊళ్ళో నిజం చెప్పే మనిషి ఎవరని పాదిరిగారిని అడిగాడు. పాదిరిగారు నన్ను పిలిపించారు. “అనా అబద్ధమాడదు. ఈ మాట ఎక్కడైనా చెప్తాను” అన్నారు. దొర, దుబాసీ, పాదిరిగారు, నేను, నలుగురమే వెనక బాట వెంట నడిచాం. ఒక ఇంటి ముందు దొర ఆగాడు. మీ అక్క మాగ్దలేనా ఇల్లు. ఆ ఇంటి పొయ్యి కూడా వెలిగిస్తారని నాకెవరూ చెప్పలేదు. అది పోయాక ఆ కప్పులోంచి పొగ రావడం అదే మొదటిసారి.

“ఇక్కడెవరుంటారని అడుగుతున్నాడు” అన్నాడు దుబాసీ.

“మా అమ్మాయి” అన్నాను.

“అయితే పిలువు.”

దాని పేరు నోటిదాకా వచ్చింది. పిలిస్తే పలుకుతుందేమో అనిపించింది. పలకదని తెలిసి పిలవలేకపోయాను.

“ఎక్కడుంది?”

“చర్చి పక్కన మట్టిలో” అన్నాను.

అంతవరకే అయితే కడుపుకోత అని సర్దిచెప్పుకునేదాన్ని. తర్వాత పాదిరిగారు మెడలోని సిలువ తీసి నా ముందు పట్టుకున్నారు. మిగతా ఇళ్ళ మాటేమిటన్నాడు దుబాసీ. నేను చెయ్యెత్తి ఒక్కో ఇల్లూ చూపించాను. ఇది ఖాళీ, అది ఖాళీ, ఆ చివరిది కూడా. పాదిరిగారు మెచ్చుకోలుగా తల పంకించారు. ఆ మెప్పు నాకు తియ్యగా తగిలింది. మన ఊరు పోతున్న నిమిషంలో నేను మంచిదాన్ని అనిపించుకున్నందుకు సంతోషించాను. సిగ్గుతో చస్తున్నది అందుకు.

పాపసంకీర్తనంలో చెప్పుకుంటే, “నిజం చెప్పినందుకు క్షమాపణ ఏమిటమ్మా, లేచి వెళ్ళు” అన్నారు పాదిరిగారు. ఆ నిజం వెనక దాక్కుని ఇంకొకరి చేత నింద మోయిస్తున్నానని మాత్రం ఆయనకు చెప్పలేదు.

నీ ఉత్తరం వచ్చిందని తెలిసి అన్నయ్యగారు మా గుమ్మం దగ్గరకు వచ్చాడు. లోపలికి రాలేదు. “అల్లుడేం రాశాడు చెల్లెమ్మా?” అన్నాడు.

“అందరూ బాగున్నారట. మిమ్మల్ని అడిగానని చెప్పమన్నాడు” అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూసి, “నీకు అబద్ధం చేతకాదు. ఆ రోజే తెలిసింది” అన్నాడు.

“ఏ రోజు?” అన్నాను.

“దొర ఆగినప్పుడు నేను మీ అమ్మాయి ఇంట్లోనే ఉన్నాను. పొయ్యి ఆరిపోతుంటే ఊదుతున్నాను. తడిక అవతల నీ గొంతు ప్రతి ముక్కా వినబడింది.”

“మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అన్నయ్యగారూ?”

“ఏమని చెప్పను? నిన్ను ఒక్క మాటడక్కుండా ఆ పొయ్యి వెలిగించాను. ఊరిని నిలబెట్టాలన్న తొందరలో, కూతురింట్లోంచి పొగ లేస్తే ఈ తల్లి ఏమైపోతుందో అనుకోలేదు. ఆ తప్పు నాది.”

“వాళ్ళు మిమ్మల్ని చూసి ఊదుతున్నారు.”

“ఊదనీ. ఊదితే ఎగిరిపోయేంత బక్కవాణ్ణా?” అని నవ్వి, కర్ర తీసుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “బాబుకేం పేరు పెట్టారో అదైనా రాశాడా?” అన్నాడు.

చెప్పాను. ఆ పేరే అనుకుంటూ వెళ్ళాడు.

మాతేయో, నువ్వు కోపం తెచ్చుకోవలసింది నా మీద. నా గడప తొక్కనని అనుకుంటే నేను అర్థం చేసుకుంటాను. కానీ ఇసబెల్ చేత వాళ్ళ నాన్నకు రెండు మాటలు రాయించు. కింద నీ మాట కూడా ఉండాలి. బాబు బొడ్డు ఆయన పేరున పంపు. ఎక్కడ పాతాలో ఆయనే చూస్తాడు. ఊరు నిలబడాలని నిప్పులు మోసిన మనిషి ఆయన.

ఈ ఉత్తరం రేపు బయలుదేరుతుంది. ఎల్లుండి ఆదివారం. చర్చి ఆవరణలో మగవాళ్ళ పేర్లయ్యాక గానీ ఆడవాళ్ళవి పిలవరు. నా వంతు దాకా ఆగితే నిజం చెప్పే ధైర్యం జారిపోతుందని భయంగా ఉంది. అందుకే బల్తసార్ అని పిలిచి, వెనక నుంచి ఎవరో ఊదగానే, ఆడవాళ్ళ వరుసలోంచి నేను పలుకుతాను.

ఇట్లు,
నీ ముఖం చూసే అర్హత మళ్ళీ సంపాదించుకోవాలనుకుంటున్న
నీ అమ్మ, అనా