దుకాణం మూసిన రోజులు

సర్జాపుర రోడ్డు, బెంగళూరు
శనివారం

అత్తమ్మకు మీ కోడలు కాత్యాయని నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నేను, మీ అబ్బాయి, చిన్ని ముగ్గురం బాగున్నాం. హిందూపురంలో మీరూ, మీ కుట్టుమిషనూ బాగున్నారని తలుస్తాను. 'బాగున్నాం' అని రాసేటప్పుడు చెయ్యి కాస్త బరువెక్కింది గానీ, జ్వరాలూ జబ్బులూ ఏం లేవు. ఒట్టి అలసట. కంగారు పడకండి.

ఫోను చేస్తే పోయేదానికి ఈ ఉత్తరమెందుకంటారేమో. మీకు చెవి మందగించినప్పటి నుంచి ఫోనులో నేనేం చెప్పినా 'సరేలే' అంటున్నారు. 'సోమవారం నేను ఊరికి పోవాలి అత్తమ్మా' అంటే సరేలే. 'వారం పట్టేట్టుంది' అంటే సరేలే. ఆ సరేలే మీద బరువంతా దించి నేను పెట్టె సర్దుకోవడం అలవాటైపోయింది. ఈ సంగతి మాత్రం మీరు కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదవాలి.

ముందు మీరడిగినవి చెబుతాను. చిన్నికి దగ్గు తగ్గింది. రాగి జావ తాగుతోంది, కాకపోతే మీరు తాగే స్టీలు గ్లాసులో పోస్తేనే. మీరు చేసిచ్చిన గుడ్డబొమ్మకు కన్ను ఊడింది, 'అవ్వే కుట్టాల' అని నన్ను సూది ముట్టనివ్వడం లేదు. మీ అబ్బాయికి ఇంకా రాత్రి డ్యూటీలే. పొద్దున నేను ఫ్యాక్టరీకి జిగణి బస్సు కోసం పరిగెత్తే వేళకు ఆయన ఇంటికొచ్చి పడుకుంటాడు. మేమిద్దరం తలుపు దగ్గర ఎదురుపడి, చిన్ని టిఫిను డబ్బా ఎక్కడుందో చెప్పుకుని విడిపోతున్నాం. నేను సరిగా నిద్రపోతున్నానా అని కూడా అడిగారు. దానికి జవాబు రాయకుండా వదిలేస్తున్నాను, ఏమనుకోకండి.

మీ ఉత్తరంలో ఇంకో రెండు మాటలున్నాయి. ఒకటి సత్యభామ గారి సంగతి. 'నేను ఎప్పుడు చూసినా బెంగళూరులోనే ఉంటానని సత్యభామ కూతురి పెండ్లి జాకెట్లు ఇంకోచోట ఇచ్చిందంట. పోనీలే' అని రాశారు. ఆవిడ మీ దగ్గర ఎన్నేళ్లుగా కుట్టించుకుంటున్నదో నాకు తెలుసు. ఆ 'పోనీలే' దగ్గర నా చూపు ఆగిపోయింది.

రెండోది, మా ఆఫీసు నుంచి వచ్చిన అమ్మాయి సంగతి. మీరు రాసింది మళ్లీ ఇక్కడ రాస్తున్నాను. 'నువ్వు రాయచూరులో ఉండగా ఒక పాప ఇంటికొచ్చె. మీరు ఎన్ని ఇండ్లల్లో చేస్తారు, జీతమెంత అని అడిగె. నా మనవరాలిని చూసుకునేదానికి నాకు జీతమేంది పాపా అంటి. ఆ పిల్ల చుడీదారు చెయ్యి కాడ కుట్టు ఊడిపోయుండె. సూది దారం తీసి వేసిచ్చి, ఉప్పిండి పెట్టి పంపినా. ఎవరా పాప, ఏంటికట్ల అడిగింది?'

ఆ పాప పేరు అర్చన. ఎందుకడిగిందో చెప్పాలంటే కొంచెం వెనకనుంచి రావాలి.

నా పని మీకు తెలిసిందే. మా ఫ్యాక్టరీలో తయారైన డయాలిసిస్ మిషన్లను ఊరూరా ఆసుపత్రుల్లో బిగించి, నర్సులకు నేర్పించి రావాలి. బళ్లారి, రాయచూరు, హోసపేట. ఊరికి పంపినప్పుడు కంపెనీ హోటలు ఖర్చిస్తుంది, భోజనం ఖర్చిస్తుంది, బట్టల ఇస్త్రీకి కూడా ఇస్తుంది. నేను లేనప్పుడు ఇంట్లో పిల్లను చూసే మనిషి ఖర్చు మాత్రం ఇవ్వదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా, పోయిన సంవత్సరం మీటింగులో నోరు తెరిచి అడిగాను.

మా మేనేజరు రాఘవేంద్ర సారు చెడ్డవాడు కాదు. తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగువాళ్లు. "పిల్లల్ని కనింది మీ ఇష్టంతో కదమ్మా, దానికి కంపెనీ ఏంటికి ఇయ్యాల? పిల్లలు లేనోడు వచ్చి నాకేమిస్తారంటే నేనేం చెప్పేది?" అన్నాడు.

"ఇంట్లో ఉంటే నా బట్టలు నేనే ఇస్త్రీ చేసుకుంటాను సార్. ఊరికి పంపారు కాబట్టి ఆ ఖర్చు మీరిస్తున్నారు. ఇదీ అంతే. పిల్లను పెంచమని నేనడగడం లేదు. మీరు నన్ను పంపిన రోజుల్లో అదనంగా అయ్యేదే అడుగుతున్నాను" అన్నాను.

మహబూబ్ బాషా అని మా జట్టులో సీనియరు ఉన్నాడు. ఆయన మెల్లగా, "నేను పెట్టె పట్టుకుని లేచిపోతా ఉన్నానంటే ఇంట్లో నా భార్య ఫర్హానా ఉండాది కాబట్టి సార్. ఆమె చేసే పనికి కంపెనీ ఇంతవరకు ఒక్క పైసా ఇచ్చింది లేదు" అన్నాడు. ఆ మాటకు గదిలో పెళ్లయిన మగవాళ్లంతా బల్లకేసి చూశారు.

నెలల తరబడి తిరగ్గా ఈ ఉగాది తర్వాత కంపెనీ ఒక రూలు పెట్టింది. ఊరికి వెళ్లిన రోజుల్లో పిల్లల కోసం మనిషిని పెట్టుకుంటే ఆ ఖర్చు ఇస్తారు. ఆఫీసులో ఆడవాళ్లు నాకు మైసూరుపాకు తెచ్చిపెట్టారు. తింటూ రూలు మొత్తం చదివాను. చివర్లో ఒక ముక్క ఉంది. బంధువులకు వర్తించదట.

మన ఇంట్లో మనిషిని పెట్టే మాటే లేదు కదా అత్తమ్మా. ఒకసారి ఏజెన్సీ ఆయాను పెడితే, మీరు చెప్పాపెట్టకుండా రైలెక్కి వచ్చి, 'నేనుండంగా నా మనవరాలిని కూలిమనిషి ఎత్తుకోవాలనా?' అని ఆమెకు చీర పెట్టి పంపించేశారు. ఆ రోజు నాకు కొండంత అండ దొరికిందనిపించింది. అప్పటినుంచి నాకు ఊరు పడిందంటే మీ కుట్టు దుకాణానికి తాళం పడుతుంది. ఆ తాళం సంగతి నేను గానీ, మీ అబ్బాయి గానీ ఒక్కసారైనా మాట్లాడుకోలేదు. 'అమ్మేగా, ఏమనుకోదు' అనేవాడు ఆయన. నేను కాదనలేదు.

ఇక చెప్పాల్సింది చెప్పేస్తాను. ఇప్పటిదాకా కక్కలేక మింగలేక ఉన్నాను.

నేను మిమ్మల్ని ఆయా అని రాసిచ్చాను. శాంతమ్మ, హిందూపురం నుంచి వచ్చి పిల్లను చూస్తుంది, రోజుకింత ఇస్తున్నాం అని. అత్తగారని రాయలేదు. కొట్లాడి తెచ్చుకున్న రూలు నాకొక్కదానికే పనికిరాకుండా పోయిందన్న ఉక్రోషంతో రాశాను. నిజంగా వస్తున్నది మీరే కదా, ఏ పేరుతో రాస్తే ఏముందిలే అని సర్ది చెప్పుకున్నాను. బళ్లారి వెళ్లొచ్చాక డబ్బు వచ్చింది కూడా. అది చిన్ని స్కూలు వ్యాను ఫీజులో కలిసిపోయింది. మీ అబ్బాయికి కూడా చెప్పలేదు.

కొత్త రూలు కదా, నిజంగా మనిషిని పెట్టుకున్నారా లేదా అని ఇళ్లకు వెళ్లి చూడమన్నారు. అలా వచ్చింది అర్చన. మీరు ఉన్నదున్నట్టు చెప్పారు. మీ తప్పేం లేదు, ఇందులో మీ తప్పు పిసరంత కూడా లేదు. ఆ పిల్ల తను చూసింది రాసిచ్చింది, అది ఆమె ఉద్యోగం.

మొన్న గురువారం రాఘవేంద్ర సారు గదిలోకి పిలిచాడు. అర్చన కూడా ఉంది. మీరు కుట్టు వేసిచ్చిన ఆ చుడీదారే వేసుకునుంది. చెయ్యి దగ్గర మీ సన్న కుట్టు నేను గుర్తుపట్టాను.

"ఆమె మీ అత్తనా?" అని అడిగాడు.

అవునన్నాను.

"అత్తను ఆయా అని రాస్తివి కదమ్మా" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది, ఆయన నొచ్చుకున్నట్టు అన్నాడు. ఆయనే మళ్లీ, "సరే, అత్తలకి ఇయ్యకూడదనే రూలు తప్పే అనుకుందాం. నేనూ ఒప్పుకుంటా. ఒకటి చెప్పు. రోజుకింత ఇస్తా ఉండామని రాసినావు కదా, కంపెనీ ఇచ్చిన ఆ దుడ్డు ఆమె చేతికి ఇచ్చినావా?" అన్నాడు.

లేదన్నాను.

"మీరిద్దరూ సొంతంగా ఎప్పుడన్నా ఇచ్చినారా?"

నేను తల అడ్డంగా ఊపాను. అర్చన తన చేతి మీది కుట్టు తడుముకుంటూ, "నా దగ్గర కూడా తీసుకోలేదు సార్" అంది. ఎవరినీ దెప్పాలని కాదు, ఊరికే గుర్తొచ్చి అన్నట్టు అంది. నాకు మాత్రం ఆ గదిలో నిలబడటానికి చోటు లేనట్టనిపించింది.

కంపెనీ ఇచ్చింది జీతంలో పట్టుకుంటారు. హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చారు. ఉద్యోగానికి ఇప్పటికి ఢోకా లేదు. పాడయింది వేరే. నావల్ల ఆ రూలునే కొన్నాళ్లు ఆపేశారు. మైసూరుపాకు పెట్టినవాళ్లు ఇప్పుడు క్యాంటీనులో నా పక్కన కూర్చోవడం లేదు. వాళ్లను తప్పుపట్టలేను. చంటిపిల్లల తల్లులకు ఊళ్ల పని తప్పించి, ఫ్యాక్టరీలోనే కూర్చోబెడితే పోలేదా అని పైవాళ్లు అంటున్నారట. మాకేదో మేలు చేస్తున్నట్టు. ఊళ్లు తిరగనివాళ్లకు మా దగ్గర పైమెట్టు లేదు. నాకు ఈ పని ఇష్టం అత్తమ్మా. మిషను బిగించాక మొదటి రోగి వచ్చి పడుకుని, అది సక్రమంగా తిరగడం చూస్తే ఎంత అలసటా గుర్తుండదు.

రాఘవేంద్ర సారు ఒక మాటన్నాడు. "బంధువులకి కూడా ఇయ్యాలని నీ పేరుతోనే రాసియ్యి. దొంగతనంగా కాదు, నేరుగా. పైకి నేను పంపిస్తా. ఒప్పుకుంటారో లేదో దేవుడికే తెలుసు." రాద్దామని కూర్చున్నాను. కంపెనీ ఎందుకివ్వాలో మొదటి నుంచీ గడగడా వచ్చేసింది, ఏడాదిగా అదే వాదన కదా. మీ గురించి రాయాల్సిన చోట కలం ఆగిపోయింది. ఒక రోజు దుకాణం మూస్తే మీకు ఎంత పోతుందో నాకు తెలియదు. ఏ నెలలో గిరాకీ ఎక్కువో తెలియదు. మీరు రైలెక్కేముందు ఎవరికి ఏం చెప్పి, ఎవరితో మాటపడి వస్తారో తెలియదు. నేను లేనప్పుడు అయ్యే ఖర్చు కంపెనీ ఇవ్వాలని ఊరంతా వినేలా వాదించాను. ఆ ఖర్చు ఎప్పుడో ఎవరో పెట్టుకుంటూనే ఉన్నారు. అది కంపెనీ కాదు, మేమూ కాదు. మీరు అడక్కుండానే పెట్టారు, అందుకే మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు.

నిన్న మీ అబ్బాయికి అంతా చెప్పాను. అరుస్తాడనుకున్నాను, అరవలేదు. కంపెనీ ఇచ్చినా ఇవ్వకపోయినా ఇకమీదట అమ్మ వచ్చిన రోజులకు మనం ఇవ్వాలి అన్నాను. "అమ్మకు డబ్బులిచ్చేదేంది, ఏమనుకుంటుంది?" అన్నాడు. "ఇన్నేళ్లూ ఏమనుకుందో అడిగావా?" అన్నాను. తర్వాత, "కుట్టుమిషను బెల్టు మార్చాలని అమ్మ పోయినసారి అనింది, నేను మరిచిపోయినా" అన్నాడు. డ్యూటీకి వెళుతూ వెళుతూ మళ్లీ ఆ బెల్టు మాటే అన్నాడు.

సోమవారం నాకు కలబురిగి పడింది. మీకు ఫోను చేద్దామని అలవాటుగా చెయ్యి వెళ్లింది, ఆపుకున్నాను. నా బదులు బాషా వెళుతున్నాడు. కాబట్టి ఈసారి రావద్దు. శ్రావణం దగ్గరికొస్తోంది, దుకాణం తీసే ఉంచండి. వీలైతే సత్యభామ గారితో ఒక మాట చెప్పండి, ఈ నెలంతా ఊళ్లోనే ఉంటానని.

ఆ తర్వాత ఊళ్లు మళ్లీ పడతాయి. అప్పుడు మీరు వస్తారా, ఏయే నెలల్లో రాలేరు, వస్తే దుకాణం మూసిన రోజుకు ఎంత తీసుకుంటారు, ఇవి మీరే రాయాలి. రానంటే ఆయాను పెట్టుకుంటాం. చిన్ని ఏడుస్తుంది, కొన్నాళ్లకు అలవాటు పడుతుంది. మీరు మాత్రం ఈసారి రైలెక్కి వచ్చి ఆమెను పంపించేయకూడదు. మిమ్మల్ని ఆయా అని రాసినందుకు తిట్టాలనుంటే అదీ రాయండి, పడతాను. సరేలే అని మాత్రం రాయకండి.

ఇందాక నేనిది రాస్తుంటే చిన్ని కన్ను లేని బొమ్మను పట్టుకుని వచ్చింది. "అవ్వ సోమవారం వస్తుందా?" అని అడిగింది.

"రాదు. అవ్వకు పనుంది" అన్నాను.

అది కాసేపు నా మొహంలోకి చూసింది. నేను హాస్యమాడుతున్నాననుకుంది కాబోలు. దాని తప్పు కాదు. ఈ ఇంట్లో ఆ మాట అనడం అదే మొదటిసారి.

ఇట్లు,
మీ జవాబు ఏదైనా సరే చదవడానికి సిద్ధంగా ఉన్న
మీ కోడలు
కాత్యాయని