ఆరు లావు డబ్బాలు

నాచారం,
12 అక్టోబరు 2009

అల్లుడా దయాకర్,

చిన్నోళ్లకు రాసేటప్పుడు ముందుగాల ఆశీర్వాదం రాయాలె. ఈసారి రాస్తలేను. రేపటి సంది ఉప్పల్‌ల నీ దుకాణానికి వస్తలేను. తాళంచెవి మీ అమ్మ రాములమ్మ చేతికిచ్చిన. ఆమె నాకు చెల్లె, ఆమెను ఏమనను. అనాల్సింది నిన్నే. ఎదురుంగ నిలవడితె నాకు నోరు రాదని నీకు ఎరుకనే. అందుకే కాయితం.

ఫ్యాక్టరీ నుంచి రిటైరై ఇంట్ల కూసున్నోన్ని పిలిచి గల్ల కాడ కూసోబెట్టినవు. టీవీకి పెట్టి ఆడే గేం డబ్బాలు అమ్ముడు నాకేం ఎరుకరా అంటె, నువ్వు మాట్లాడకు మామా, ఊకె కూసో, నిన్ను చూస్తే నమ్ముతరు అన్నవు. దసరా ముందు ఆరు డబ్బాలు మిగిలినయి, ఎట్లనన్న పంపియ్యాలె అన్నవు. ఎవలకు పంపిన? నాతోని ఫ్యాక్టరీల రేకులు వంచే ప్రెస్ షాపుల పనిచేసినోళ్లకే. ఇనుప పని చేసినోడు బరువు చూసి నమ్ముతడు. అందుకని ఒక్కొక్కల చేతుల డబ్బా పెట్టి, లావుగున్నది గట్టిగుంటదని చెప్పిన. ప్రతి బిల్లు మీద ‘చూసి ఇచ్చిన’ అని రాసి సంతకం పెట్టిన.

పండుగ ఎల్లి పదిహేను దినాలు కాలే, అద్దాల అల్మారల సన్న డబ్బా పెట్టినవు. అదే కంపెనీ. అవే ఆటలు. మందం తక్కువ, మోత లేదు, కాగదు, ధర గూడ తక్కువనే.

నిన్న ఆరుగురు గలిసి వచ్చిన్రు. నువ్వు లేవు. లేవా, లేకుంట పోయినవా? కరుణాకర్ తన డబ్బా బల్ల మీద ఎత్తి పడేసిండు. ముందు కొన్నోడు పిచ్చోడా అని అడిగిండు. విశ్వనాథం రెండు డబ్బాలు పక్క కిరాణం కాంటా మీద తూచి, ఎంత తగ్గిందో రోడ్డు మీద పోయేటోళ్లకు గూడ చెప్పిండు. జనార్ధనరావు మాత్రం మా పాతదే మంచిగున్నది, దాని ముందట ఇది అగ్గిపెట్టె లెక్కనే ఉన్నది అని మొదలు పెట్టిండు. సన్నది చేతుల పట్టుకొని అటు ఇటు తిప్పి చూసిండు. ఎనక అందరికంటె ఎక్కువ తిట్టింది ఆయననే. అన్ని తిట్లు నాకే. బిల్లు మీద పేరు నాది గద.

చిదంబరం ఒక్కడే తిట్టలే. ఆయన బిడ్డ హిమజ బండి మీదికెళ్లి పడి కాలు విరిగి మూడు నెలల సంది మంచంల ఉన్నది. ఆ పిల్ల పొద్దు పోవాలని కొన్నడు. గంట ఆడంగనె కాగుతున్నదట, లోపలి పంకా మోతకు పిల్లకు తలనొప్పట. అయినా నా ముందట అడ్డం నిలవడ్డడు. "సిద్దయ్యకు తెల్వదు. తెలిస్తే నాకు అమ్మడు" అని అందరిని ఎనకకు నూకిండు. ముప్పై ఏండ్ల దోస్తు. నేను తల దించుకున్న.

కొత్తది వస్తదని నీకు తెలుసు. నాకు చెప్పలే. ముసలోని మొఖం అడ్డం పెట్టుకొని యాపారం చేసినవు.

మామ,
సిద్దయ్య


నాచారం,
16 అక్టోబరు 2009

దయాకర్,

నిన్న ఇంటికొచ్చి మీ అత్త ముత్తమ్మ ముందట ఏమేమో అన్నవు. కంపెనీ మనిషి పండుగకు ముందే దుకాణానికి వచ్చిండన్నవు. ఆయనకు చాయ తెచ్చిచ్చింది నువ్వే మామా అన్నవు. కొత్త డబ్బా కాయితం బల్ల మీద పరిచినప్పుడు నువ్వు పక్కనే ఉన్నవన్నవు. "నాకు తెలుసు, నీకూ తెలుసు మామా. తిట్లు నేనొక్కన్నే ఎందుకు పడాలె?" అన్నవు.

ఆ కాయితం ఇంగ్లీషుల ఉన్నది. నేను చదివింది ఊర్లె ఐదు. చాయ తెచ్చినోడల్ల సాక్షి అయితడా?

నువ్వు పోయినంక మీ అత్త అన్నం పెట్టింది. నా మొఖం దిక్కు గూడ చూడలే. అది నువ్వు చేసిన పని. రేపు దీపావళికి మీ అమ్మను పంపు, నువ్వు రాకు.

హిమజ డబ్బా ఒక్కటి కొత్తదానితోని మార్చిస్త, మిగిలిన ఐదుగురి మాట ఎత్తొద్దు, జరిగింది ఎవలకు చెప్పొద్దు అన్నవు. మార్చు. మిగిలినోళ్లు, నువ్వు చూసుకోన్రి. నాకు సంబంధం లేదు.

సిద్దయ్య


నాచారం,
26 అక్టోబరు 2009

దోస్తు చిదంబరానికి,

నిన్న మీ ఇంట్ల ఉన్నంతసేపు ఈ మాటలు నోట్లెనే ఉన్నయి. బయటికి రాలే. ఇంటికొచ్చి కాయితం తీసిన.

మీ టీవీ పక్కన సన్న డబ్బా చూసిన. నువ్వు మిఠాయి పెట్టినవు. సిద్దయ్య అల్లునితోని కొట్లాడి మార్పిచ్చిండని గల్లీ అంత చెప్పినవట. నేను కొట్లాడలే చిదంబరం. నోరు మూసుకున్నందుకు వాడు ఇచ్చిండు.

హిమజ ఆట ఆపి నన్ను అడిగింది. "పెద్దనాయినా, మాకొక్కలకే ఎందుకు మార్చిన్రు? గిది వస్తదని నీకు ముందే ఎరుకనా?" నువ్వు పిల్లను గదుమాయించినవు, పెద్దమనిషిని గట్ల అడుగుతరా అని. పిల్ల నా కండ్లల్లకే చూస్తున్నది. నేను తెల్వదన్న.

తెలుసు.

ఆ కాయితం మీది అక్షరాలు నాకు రావు. కానీ రెండు డబ్బాలు పక్కపక్కన గీసి కొలతలు ఏసిన్రు. ముప్పై ఏండ్లు డ్రాయింగ్ చూసి ప్రెస్‌కు డై అచ్చు బిగించినోన్ని, కొలతలు ఒకలు చదివి చెప్పాల్నా? వచ్చే తేదీ అంకెలల్లనే ఉన్నది. చాయ గిలాస బల్ల మీద పెట్టేలోపల సమజైంది. మూడో దినం నువ్వు వచ్చి, ఏమంటవు సిద్దయ్యా, కొనాల్నా అని అడిగినవు. ఆగు అంటె అయిపోతుండె. రెండక్షరాలు. నేను డబ్బా తీసి నీ చేతుల పెట్టిన.

దుకాణం మూతవడితె మా చెల్లె ఏమైతదోనని భయపడ్డ అని రాసుకోవచ్చు. అది గూడ పూర నిజం కాదు. ఫ్యాక్టరీల నన్ను అడిగి ఏ పని చేసినోడు లేడు. గల్ల కాడ నేను ఔనంటె కొంటున్నరు. అది మంచిగనిపిచ్చింది. నోరు తెరవలే గనుక అబద్ధమాడలే అని నాకు నేనే చెప్పుకున్న. మొన్నటిదాక దయాకర్‌ను తిడుతు కాయితాలు రాసిన. వాడు చేసింది తప్పే, వాన్ని ఇడిచిపెట్టను. అయినా వాడు నిన్ను ఎరుగడు. నేను ఎరిగి అమ్మిన.

వాడు సన్న డబ్బా వాపస్ అడిగితె ఇయ్యకు. హిమజ కాలు ఊని నడిచేదాక అది ఆడనే ఉండాలె. వానితోని నేను మాట్లాడుకుంట.

మాఫ్ చెయ్యమని రాస్తలేను. ఒక్క పని చెయ్యి. వచ్చే ఆదివారం పొద్దుగాల మన ఫ్యాక్టరీ గేటు కాడి చాయ హోటల్‌కు ఆ ఐదుగురిని పిలువు. అందరు వచ్చినంక ఈ కాయితం మొదటి సంది గట్టిగ చదువు. నాతోని చదివియ్యకు, కొన్ని మాటలు మింగుత. నేను వాళ్ల నడుమనే కూసుంట. సగంల ఎవలన్న తిట్టినా ఆపకు, ఆఖరిదాక చదువు. చదివినంక ఎవలేమన్నా లేచి పోను.

సిద్దయ్య