గొంగడి వీరుడి అభిమానులు

శ్రీ
లాభం

హనుమకొండ చౌరస్తా,
4-11-2024

మిత్రుడు రాయమల్లుకు,

రాజేశ్వర్ రావు నమస్కరించి రాసే సంగతులు. ఇక్కడ నేను, శకుంతల, బీపీ, షుగర్ అందరం ఒకే ఇంట్లో కలిసిమెలిసి ఉన్నాము. మరిచిపోయావేమో, నేను మన 'బొమ్మల జాతర' పత్రిక సంపాదకుణ్ణి. ఇప్పుడు చీరలమ్ముకుంటున్నాను. ఫోన్ చేస్తే నీ కోడలు "మామకు ఫోన్ల ఇనపడది, రాసి పంపుండ్రి" అన్నది. అందుకే ముప్పై ఏడేళ్ల తరువాత ఈ ఉత్తరం.

అనూష అనే అమ్మాయి వెనకటి బొమ్మల కథల పత్రికల మీద పరిశోధన చేస్తున్నది. పెద్ద పత్రికలు కాదు, మనలాంటి పిచ్చోళ్లు బొమ్మల కథల మీది ప్రేమతో సొంతంగా తయారుచేసుకున్నవి. డిసెంబరు 22న ఇక్కడ ప్రదర్శన పెడుతున్నది. "మీ పత్రికకు ఒక గోడంతా ఇస్తాను తాతా" అన్నది. ఇంకేముంది, బజారంతా చెప్పుకున్నాను. తీరా అటక మీది పెట్టె దించితే పదకొండు సంచికలూ చెదలు తిన్నాయి. ఓంప్రకాశ్ గీసిన గుర్రానికి తోక ఒక్కటి మిగిలింది. వాడికి గుర్రాలు తప్ప ఏవీ రావు కాబట్టి ప్రతి కథలో ఒక గుర్రం పెట్టేవాళ్లం, గుర్తుందా? ఆఖరికి చేపల చెరువు కథలో కూడా.

నువ్వు గీసిన 'గొంగడి వీరుడు' అసలు బొమ్మలు నీ దగ్గరే ఉండాలి. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో సైక్లోస్టైల్ కాపీల కోసం మైనపు స్టెన్సిల్ మీదికి దించుకున్నాక ప్రతిసారీ నీకు తిప్పి పంపేవాణ్ణి. అవి ఇవ్వకపోతే ఆ గోడ మీద ఒక్క తోక వేలాడుతుంది, దాని కింద నా పేరు ఉంటుంది.

ఇంకో మాట. పన్నెండో సంచికకు బొమ్మలు పంపకుండా ఎందుకు మానేశావు? ఇన్నేళ్లుగా నాకు అది అర్థం కాలేదు.

ఇట్లు,
నీ సంపాదకుడు
రాజేశ్వర్ రావు

తా.క.: నా సంపాదకీయాలను పదేపదే మెచ్చుకుంటూ రాసిన మడికొండ మల్లికార్జున్ గారిని ముఖ్య అతిథిగా పిలుద్దామనుకుంటున్నాను. అంతటి రసజ్ఞుణ్ణి మళ్లీ చూడలేదు. మొదటిసారి కూడా చూడలేదనుకో.

---

కేసముద్రం,
9-11-2024

రాజేశ్వర్ సేటుకు,

పెయింటర్ రాయమల్లు శనార్తులు. మేమంతా మంచిగనే ఉన్నం. మార్కెట్ యార్డు కాడి దుకాణాల బోర్డులన్నీ ఇప్పటికి గూడ నేనే రాస్తాన. ఫ్లెక్సీలొచ్చి మా పని కరాబైంది గని, ఫ్లెక్సీ ఎండకు తెల్లవడ్డంక మళ్ల నా కాడికే వస్తాండ్రు.

గొంగడి వీరుడు భద్రంగున్నడు. పదకొండు కథలు, తొంబై రెండు కాయితాలు, ట్రంకు పెట్టెల వేపాకేసి పెట్టిన. చెదలకు నీ సంపాదకీయాలు రుచిగున్నయేమో, నా జోలికైతే రాలే.

ఎందుకు మానేసినవని అడిగినవ్. నేను మానలే సేటూ, స్నేహలత మానేసింది. యాదికుందా? రఘునాథపల్లి స్నేహలత. "మీ గొంగడి వీరుడు గొంగడి కప్పుకుని ఆకాశంలో ఎగురుతుంటే నా మనసు కూడా ఎగురుతుంది" అని రాసేది. పత్రికకే రాసేది, నువ్వు కవర్ల పెట్టి నాకు పంపేటోనివి. ఇరవై తొమ్మిది ఉత్తరాలు. ఎనబై ఏడుల ఉన్నట్టుండి బందైనయ్. ఎవలు చూస్తాండ్రని గీయాలె?

అందుకే నాది ఒక్కటే షర్తు. ఆమెను ఆడికి పిలిపియ్యి. ముందు వరుసల కుర్చీ ఎయ్యి. ఆమెను కళ్లతోని చూసినంక పెట్టె తాళం తీస్త. లేకుంటే నీ గోడ, నీ తోక.

ఇట్లు,
రాయమల్లు

తా.క.: మీ మల్లికార్జున్ సారు సంగతి నాకెరుక లేదు. గంత పెద్దమనిషి మనసొంటోళ్లకు యాడ దొరుకుతడు?

---

శ్రీ
లాభం

హనుమకొండ చౌరస్తా,
13-11-2024

మిత్రుడు రాయమల్లుకు,

రాజేశ్వర్ రావు నమస్కారాలు. నీ ఉత్తరం చదివి నా కళ్లు చెమర్చాయి, కొంచెం చెమటలు కూడా పట్టాయి.

స్నేహలత గారి గురించి విచారించాను. ఆమెకు ఎనబై ఏడులోనే పెళ్లయిపోయిందట. సూరత్ వెళ్లిపోయారట. అత్తవారిది కట్టుదిట్టమైన సంసారం. పరాయి మగవాళ్ల ప్రదర్శనలకు పంపరట. పిలిచి ఆమె కాపురంలో నిప్పులు పోయడం మనకు తగునా? నువ్వు గొంగడి వీరుణ్ణి పంపు. ఆమె పేరున ఒక కుర్చీ ఖాళీగా ఉంచుదాం, దాని మీద పూలదండ కూడా వేద్దాం.

ఇట్లు,
రాజేశ్వర్ రావు

తా.క.: దండ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బతికున్న మనిషికి బాగుండదు.

---

కేసముద్రం,
17-11-2024

రాజేశ్వర్ సేటుకు,

రాయమల్లు శనార్తులు. సూరత్ అన్నవ్, నా పానం లేచొచ్చింది! మా బామ్మర్ది కట్టయ్య ముప్పై ఏండ్లసంది సూరత్ల మగ్గాల కాడనే ఉన్నడు. ఆడ సగం వరంగలే ఉన్నది. మనోళ్ల గ్రూపుల మెసేజ్ పెట్టిండు: "రఘునాథపల్లి స్నేహలత యాడున్నా జర చెప్పుండ్రి" అని. ఇప్పటికే ముగ్గురు స్నేహలతలు దొరికిండ్రు. ఒకామెకు ఇరవై రెండేండ్లు, ఇంకొకామెది సిద్దిపేట, మూడో ఆమె కట్టయ్యను చెప్పు తీస్కొని ఉరికిచ్చింది. ఫికర్ జెయ్యకు, ఎతుకుతనే ఉన్నం. వాళ్ల నాయిన పేరు, ఇంటి పేరు రాసి పంపు.

ఇంకో ముచ్చట. అనూష బిడ్డకు ఫోన్ చేయించిన. గా ఇరవై తొమ్మిది ఉత్తరాలు గూడ అద్దాల పెట్టెల పెడుతా అన్నది. చూసినోళ్లు ఎవలన్న చేతిరాత గుర్తువడితే ఆచూకీ దొరుకుతదట. మస్తు తెలివిగల్ల పిల్ల!

ఇట్లు,
రాయమల్లు

తా.క.: మీ శకుంతల వదినెను గూడ తీస్కరా. ఆమెకు చేతిరాతలు మంచిగ గుర్తుంటయని అప్పట్ల నువ్వే అన్నవ్.

---

శ్రీ
లాభం

హనుమకొండ చౌరస్తా,
20-11-2024

మిత్రుడు రాయమల్లుకు,

గుండె రాయి చేసుకుని చదువు. ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక ఇంతకాలం దాచాను. స్నేహలత గారు ఇక లేరు. పోయి రెండేళ్లయింది. సూరత్‌లోనే. జ్వరమట. వాళ్ల పుట్టింటి వాళ్లు కూడా రఘునాథపల్లి వదిలి వెళ్లిపోయారు, ఆ ఇల్లు కూడా హైవే వెడల్పులో పోయింది.

చివరి మాటగా ఆమె "నా ఉత్తరాలు ఎవరికీ చూపించవద్దు, ముఖ్యంగా అద్దాల పెట్టెలో పెట్టవద్దు" అన్నదని విన్నాను. ఆమె ఆత్మశాంతి కోసమైనా వాటిని పెట్టెలోనే ఉంచి, బొమ్మలు మాత్రం పంపు.

బాధాతప్త హృదయంతో,
రాజేశ్వర్ రావు

తా.క.: కట్టయ్యను ఇక వెతకవద్దని చెప్పు. పాపం, ఎన్ని చెప్పుదెబ్బలని తింటాడు!

---

కేసముద్రం,
26-11-2024

రాజేశ్వర్ సేటుకు,

రాయమల్లు దుఃఖంతోని రాస్తాన. రెండు దినాలు అన్నం ముట్టలే. ముసల్ది "ఎవతె పోయిందయ్యా నీకు?" అని అడిగితే ఏమని చెప్పాలె?

ఆఖరికి నాకు చేతనైంది చేసిన. ఎనిమిదడుగుల రేకు మీద 'కన్నీటి శ్రద్ధాంజలి' అని ఆయిల్ పెయింటుతోని బోర్డు రాసి, రఘునాథపల్లి బస్సులాగే కాడ నిలవెట్టిన. మనసొంటోళ్లు పోతెనే సౌరస్తల ఫ్లెక్సీ కడుతరు, ఆమెకు బోర్డన్న ఉండద్దా? ఫోటో లేదు కదా, ఉత్తరాలల్ల ఆమె గుణం యాది జేస్కొని ముఖం గీసిన. గీసినంక దూరం వోయి చూస్తే, అచ్చం నీ పోలికే వచ్చింది సేటూ! నీకు చీర కట్టి, బొట్టు పెట్టినట్టే ఉన్నది. నాకైతే మస్తు తాజ్జుబైంది.

కింద 'శోకతప్తులు: రాజేశ్వర్ రావు, చీరల దుకాణం, హనుమకొండ' అని నీ ఫోన్ నంబర్ గూడ రాసిన. ఊరోళ్లు పరామర్శకు నీ కాడికే వస్తరు. చాయ్ పోయించు.

ఇట్లు,
రాయమల్లు

తా.క.: బస్సులకెళ్లి చూసినోళ్లు "ఈమెకు మీసాలెందుకున్నయ్?" అని అడుగుతాండ్రు. నీడ పడ్డది అని చెప్తాన.

---

శ్రీ
లాభం

హనుమకొండ చౌరస్తా,
30-11-2024

రాయమల్లూ,

నీ కాళ్లు మొక్కుత, ఆ బోర్డు తీసెయ్యి. పొద్దటిసంది ఫోన్లు ఆగుతలేవు. నిన్న భద్రమ్మ అనే ముసలామె రఘునాథపల్లినుంచి బస్సెక్కి దుకాణానికే వచ్చింది. "నీ అక్కనా బిడ్డా? అదే ముక్కు!" అని నా గదువ పట్టుకొని ఏడ్చింది. శకుంతల ఎదురుంగనే కూసున్నది.

ఇగ దాచలేను. స్నేహలత సూరత్ పోలే, సచ్చిపోలే, అసలు పుట్టనే లేదు. ఆ ఇరవై తొమ్మిది ఉత్తరాలు రాసింది నేను. ఎడమచేత్తోని.

నలభై కాపీలు తీసేటోళ్లం. ఎవ్వడూ ఒక్క ముక్క రాసేటోడు కాదు. రెండో సంచికకే నువ్వు "ఎవలు చూస్తలేరు, నేను గీయ" అన్నవ్. నువ్వు గీయకుంటే నా పత్రికల ఏమున్నది, ఓంప్రకాశ్ గుర్రాలు తప్ప? నేను బాగున్నదంటే దోస్తు గనుక అన్నడనుకుంటవ్. అందుకే స్నేహలతనైన. ముప్పయ్యో ఉత్తరం సగం రాసినంక నాకు పెండ్లైంది. శకుంతల దాన్ని గల్లాపెట్టెల చూసింది. "స్నేహలత ఎవరు?" అని అడిగింది. ఆ ఒక్క మాటకు నా ఎడమచెయ్యి పడిపోయింది.

నువ్వు మానేసింది నా వల్లనే అని ఇప్పుడు తెలిసింది. ఒక్క ఉత్తరం దొంగతనంగనైనా రాసి ఉంటే గొంగడి వీరుడు ఇంకో పదేండ్లు ఎగిరేటోడు. బొమ్మలు ఇయ్యకున్నా మంచిదే. ఆ గోడ మీద తోకనే పెడుత. నువ్వు మాత్రం రా. క్షమించినవని ముఖం చూపెట్టి పో, అది చాలు.

ఇట్లు,
రాజేశ్వర్

తా.క.: మల్లికార్జున్ గారికి పంపిన ఆహ్వానం "ఈ చిరునామాలో అట్టివారు లేరు" అని తిరిగొచ్చింది. ఆయన పద్నాలుగు ఉత్తరాలు బీరువాల పట్టుచీరల నడుమ దాచుకున్న. నేను అబద్ధపు అభిమానిని పుట్టించినా, దేవుడు నాకు ఒక్క నిజమైన అభిమానిని ఇచ్చిండు. అదే నా తృప్తి.

---

కేసముద్రం,
5-12-2024

రాజేశ్వర్ సేటుకు,

రాయమల్లు నవ్వుకుంట రాసేది. బోర్డు తెచ్చిన. ఎనుకకు తిప్పి ఎరువుల దుకాణం పేరు రాస్తాన, రేకు ఊకెనే పోవద్దు కదా.

స్నేహలత నువ్వే అని నాకు మొదటి ఉత్తరం నాడే ఎరుక. ఎడమచేత్తోని రాసినవ్, అత్తరు గూడ చల్లినవ్, అన్ని మంచిగనే చేసినవ్. గని కాయితం నెత్తిన ఏం రాసినవో చూసుకున్నవా? 'శ్రీ', దాని కింద 'లాభం'! ఏ ఆడపిల్ల ఉత్తరం మీద లాభం అని రాస్తదయ్యా? మీ దుకాణాల పలక పట్టినకాడికెళ్లి మీ నాయిన నీకు నేర్పిన అలవాటాయె. తెల్ల కాయితం కనవడితే నీ చెయ్యి ఆగది. ఇరవై తొమ్మిదింటి మీదా ఉన్నది. మొన్నటిసంది వచ్చిన నాలుగింటి మీద గూడ ఉన్నది.

ఎరుకుండి ఎందుకు ఊకున్ననంటవా? ఒక మనిషి నాకోసం ఆడిదై, ఎడమచేత్తోని, గంత కష్టపడి రాస్తాండంటే, నా బొమ్మ మంచిదే అయి ఉంటదనుకున్న. నిజం ఆడపిల్ల రాసినా నాకు గంత సంబురం కాకపోవు. ఉత్తరాలు బందైనంక, నా బొమ్మ నీకు నచ్చుతలేదేమో అనుకున్న. పెండ్లి అడ్డమొచ్చిందని ఇయ్యాలనే ఎరుకైంది. మూడు వారాలు నిన్ను ఉరికిచ్చింది గందుకే, ఏమనుకోకు.

ఇరవై రెండు పొద్దుగాల గొంగడి వీరున్ని తీస్కొని వస్తాన. గోడ మీద రాసే కళాకారుల పేర్లల్ల స్నేహలత పేరు గూడ పెట్టమని అనూష బిడ్డకు చెప్పిన. నా పేరు కంటె పైన.

ఇట్లు,
నీ రాయమల్లు

తా.క.: మడికొండ మల్లికార్జున్ సారుకు గూడ కుర్చీ వెయ్యి. కేసముద్రంల రాసి, పత్తి లారీ డ్రైవర్ చేతికిచ్చి మడికొండ పక్కన కాజీపేట పోస్టు డబ్బల ఏయించుడు ఎంత కష్టమో నీకేం ఎరుక? బోర్డులు రాసేటోనికి చేతిరాత మార్చుడు ఎంత పని! ఎవలు రాయకుంటె నువ్వు సుత ఎనుక తగ్గుతవేమో అని భయమైండె. ఆయన నాతోనే వస్తాండు, ఒక్కటే టికెట్ మీద.

---

హనుమకొండ చౌరస్తా,
9-12-2024

మల్లికార్జున్ గారికి,

రఘునాథపల్లి స్నేహలత నమస్కరించి రాయునది. కుర్చీ వేయించాను, ముందు వరుసలో, నా పక్కనే. తప్పక రాగలరు.

ఇట్లు,
మీ అభిమాని

తా.క.: ఈసారి కాయితం నెత్తిన ఏమీ రాయలేదు, చూసుకో. శకుంతల పక్కనే నిలబడి చెయ్యి పట్టుకున్నది.